సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగిపోవడం: పెట్రోలుకు ఆదానా, బ్యాటరీకి భారమా?

మియాపూర్ సభ్యుడు:

కొత్తగా కొన్న మా పెట్రోలు కారులో ఆటో స్టార్ట్-స్టాప్ ఉంది. బండి నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ మీద కాలు తీయగానే ఇంజను ఆగిపోతుంది. మళ్ళీ క్లచ్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. రోజూ గచ్చిబౌలి వెళ్ళి వస్తాను. ఇంట్లో వాళ్ళూ మెకానిక్కూ చెప్పేది ఒకటే: బండి ఎక్కగానే ఆ బటన్ నొక్కి దాన్ని ఆపేయమని, లేకపోతే సెల్ఫ్ మోటారు పాడవుతుందని. బండితో ఇచ్చిన పుస్తకం మాత్రం ఇంధనం మిగులుతుందంటుంది. ఎవరి మాట నమ్మాలో లెక్కతో సహా చెప్పగలరా?

ఉప్పల్ సభ్యుడు:

ఆపేయడమే మేలని నా అభిప్రాయం, అయితే సెల్ఫ్ మోటారు అందుకు కారణం కాదు. మీరు వెళ్ళే దారిలో హఫీజ్‌పేట, కొండాపూర్ దగ్గర సాయంత్రం వేళ బండ్లు ఆగవు, పాకుతాయి. రెండు గజాలు కదిలి ఆగడం, మళ్ళీ రెండు గజాలు కదలడం. ఆగిన ప్రతిసారీ ఇంజను ఆగి, నాలుగు సెకన్లకే మళ్ళీ లేస్తుంటే మిగిలేది ఏమీ ఉండదు. దానికి తోడు, ఏసీ కంప్రెసరు తిరిగేది ఇంజను బెల్టు మీద కనుక, ఇంజను ఆగాక వచ్చేది గాలే గాని చల్లదనం కాదు. మే నెల ఎండలో వెనక సీట్లో చంటిపిల్లనో, వయసు మళ్ళిన తల్లిదండ్రులనో కూర్చోబెట్టుకుని, కాస్త పెట్రోలు కోసం వాళ్ళను ఉక్కపోతకు గురిచేయడం సబబు కాదు.

బ్యాటరీ సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఈ బండ్లకు మామూలు బ్యాటరీ సరిపోదు, తరచు స్టార్టులు తట్టుకునే ఇ.ఎఫ్.బి. రకం గాని, అంతకంటే ఖరీదైన ఎ.జి.ఎం. రకం గాని వేయాలి. వాటి ధర ఎక్కువ, మన ఎండలకు ఏ బ్యాటరీ ఆయుష్షయినా తక్కువ. ఈ ఏర్పాటు కంపెనీలకు ఎందుకంత ముద్దో కూడా గమనించండి. మన అధికారిక మైలేజీ పరీక్షలో దాదాపు నాలుగో వంతు సమయం బండి నిలిచే ఉంటుంది, పైగా అది ఏసీ ఆపి చేసే పరీక్ష. అక్కడ స్టార్ట్-స్టాప్‌కు వచ్చే మార్కులు మే నెలలో పంజాగుట్ట చౌరస్తాలో రావు. 2017లో మొదలై 2022లో మరింత బిగించిన కెఫె నిబంధనల ప్రకారం కంపెనీలు తాము అమ్మే కార్ల సగటు కార్బన్ డయాక్సైడును తగ్గించి చూపాలి. అందుకు ఇది చవకైన మార్గం.

సికింద్రాబాద్ సభ్యుడు:

ఉప్పల్ మిత్రులు పరీక్ష గురించీ ఏసీ గురించీ చెప్పినవి నిజాలే, వాటితో నాకు పేచీ లేదు. కానీ వాటి నుంచి తీసిన ముగింపుతో నేను ఏకీభవించలేను.

ముందు సెల్ఫ్ మోటారు భయాన్ని పక్కన పెడదాం. ఈ ఏర్పాటుతో వచ్చే బండ్లలో మోటారు బ్రష్‌లూ బేరింగులూ ఎన్నో రెట్లు ఎక్కువ స్టార్టులు తట్టుకునేలా చేస్తారు, ఇంజను బేరింగులకు కూడా అరుగుదల తగ్గించే పూతలు వేస్తారు. 2015లో సియాజ్ డీజిల్‌తో మారుతి తెచ్చిన పద్ధతిలోనైతే ఆగిన ఇంజనును తిరిగి లేపేది బెల్టుకు అమర్చిన జనరేటరే. విడి మోటారు పళ్ళ చక్రం వచ్చి తగులుకునే పని లేదు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, 1970లలోనే టొయోటా తన క్రౌన్ కారులో దీన్ని టోక్యో ట్రాఫిక్‌లో ప్రయత్నించింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను ఊరికే తిరిగితే గంటకు సుమారు 0.6 నుంచి 0.8 లీటరు తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. వేడెక్కిన ఇంజనును మళ్ళీ స్టార్ట్ చేయడానికి పట్టేది మహా అయితే పది సెకన్లపాటు ఊరికే తిరిగినంత ఇంధనం. కాబట్టి అంతకు మించి ఆగిన ప్రతి సెకనూ లాభమే. మీరు రోజుకు పది నిమిషాలు నిజంగా నిలిచి ఉంటారనుకుందాం. గంటకు 0.7 లీటరు చొప్పున ఏడాదికి 300 రోజులకు 35 లీటర్లవుతుంది, అంటే లీటరు 107 రూపాయల లెక్కన సుమారు 3,700 రూపాయలు. ఎండాకాలపు ఏసీ వల్ల ఇందులో సగమే దక్కుతుందనుకున్నా 1,800 పైచిలుకు. ఇ.ఎఫ్.బి. బ్యాటరీకి అదనంగా పెట్టే ఖర్చును దాని మూడు నాలుగేళ్ళ ఆయుష్షుకు పంచితే ఇంతకంటే తక్కువే పడుతుంది. ఎ.జి.ఎం. అయితే లాభం మిగలకపోవచ్చు, ఆ మాట ఒప్పుకుంటాను. అయితే ఆ మోటారుకూ బ్యాటరీకీ బండి కొన్నప్పుడే డబ్బు కట్టేశారు కదా. రోజూ బటన్ నొక్కి ఆపేస్తే ఆ డబ్బు తిరిగి రాదు, పెట్రోలూ మిగలదు.

అసలు విషయం బటన్‌లో లేదు, మీ ఎడమ కాలులో ఉంది. మాన్యువల్ గేరు బండిలో న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితేనే ఇంజను ఆగుతుంది. బండ్లు పాకుతున్న చోట మొదటి గేరులోనే క్లచ్ నొక్కి ఉంచితే ఆగదు. ఎర్ర దీపం పక్కన ఇంకా 70 సెకన్లని అంకె కనిపించినప్పుడు న్యూట్రల్‌లోకి రండి, ఆగుతుంది. ఎప్పుడు ఆగాలో మీరే నిర్ణయిస్తున్నప్పుడు నాలుగు సెకన్ల ఆగుడు గురించి దిగులు పడనక్కర్లేదు. ఆటోమేటిక్ బండ్లలో కూడా చాలావాటికి బ్రేకు గట్టిగా నొక్కితేనే ఇంజను ఆగుతుంది, మెల్లగా నొక్కితే ఆగదు. ఏసీ చల్లదనం చాలకపోయినా, బ్యాటరీ చార్జి తగ్గినా, ఇంజను ఇంకా వేడెక్కకపోయినా ఏర్పాటు తనంతట తానే పని మానుకుంటుంది; కనుక వెనక సీట్లోని పెద్దవాళ్ళను అది పట్టించుకోదనడం న్యాయం కాదు.

ఇంకొక్క మాట. ప్యారడైజ్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు మన సైలెన్సర్ల నుంచి వచ్చే పొగ పీల్చేది అద్దాలు మూసుకున్న మనం కాదు. ముందు నిలబడ్డ ద్విచక్ర వాహనదారులు, ఎండలో నించున్న ట్రాఫిక్ కానిస్టేబులు, బస్సు కోసం కాచుకున్న స్కూలు పిల్లలు. 2020 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వం ఎర్ర దీపం పడితే ఇంజను ఆపండని ప్రజలను బతిమాలుతూ ప్రచారం చేసింది. ఆ పనిని మన బండే చేస్తానంటుంటే రోజూ దాని నోరు నొక్కడం నాకు బాధగా ఉంటుంది.

మియాపూర్ సభ్యుడు:

వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. క్లచ్ సంగతి నాకు తట్టనే లేదు. రెండు సందేహాలు మిగిలాయి. మాది టర్బో ఇంజను, అంటే పొగ తోపుడుతో తిరిగే చక్రం ఇంజనులోకి గాలిని ఎక్కువగా నెట్టే రకం. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వచ్చి టోల్ దగ్గర ఆగినప్పుడు ఇంజను ఆగిపోతే బాగా వేడెక్కి ఉన్న టర్బోకు హాని లేదా? వానాకాలంలో రోడ్ల మీద నీళ్ళు నిలిచినప్పుడు ఏం చేయాలి?

ఉప్పల్ సభ్యుడు:

మాన్యువల్ బండి గురించి సికింద్రాబాద్ వారు చెప్పింది నాకు ఒప్పుదలే. ఎ.జి.ఎం. బ్యాటరీ ఉన్న ఆటోమేటిక్ బండి వాళ్ళకు మాత్రం ఆపేయమనే చెబుతాను. టర్బో విషయంలో, వేగంగా వచ్చి టోల్ దగ్గర ఆగితే క్లచ్ మీద కాలు ఉంచండి, ఇంజను తిరుగుతూ ఉంటుంది. చివరి ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా రావడం ఇంకా మంచిది.

సికింద్రాబాద్ సభ్యుడు:

వాన విషయంలో మాత్రం ఉప్పల్ మిత్రుల బటనే సరైన జవాబు. అండర్‌పాసులో గాని లోతట్టు రోడ్డు మీద గాని నీళ్ళు సైలెన్సర్ ఎత్తుకు చేరేలా కనిపిస్తే, నీళ్ళలోకి దిగకముందే స్టార్ట్-స్టాప్ ఆపేయండి. ఇంజను తిరుగుతున్నంతసేపూ పొగ ఒత్తిడి నీటిని వెనక్కి నెడుతుంది. నీళ్ళ మధ్య ఇంజను ఆగితే సైలెన్సర్‌లోకి నీరు ఎక్కుతుంది. ఒకవేళ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకుండా బండిని తోయించండి. ఇంకో సంగతి, బ్యాటరీ మార్చే రోజున దుకాణదారు చవకగా వస్తుందని మామూలు బ్యాటరీ చూపిస్తే ఒప్పుకోవద్దు. పాత బ్యాటరీ మీద ఏ రకమని రాసి ఉందో అదే రకం ఇమ్మని అడగండి.