బతుకమ్మ సభలో కీళ్లవాతం స్టాల్: పనులు పంచుకుందాం

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. అమ్మ దగ్గర ఇంకో రెండు నెలలు ఉంటాను కాబట్టి ఇక్కడి పనులు నేను చూసుకుంటాను, న్యూజెర్సీ పనులు మీరు చూడండి.

కాల్‌లో అనుకున్నట్టు, ఈసారి సభలో వచ్చే విరాళాన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం), లూపస్ లాంటి, ఒంట్లోని రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడిచేసే జబ్బులున్నవాళ్ల మీద ఇక్కడ జరిగే క్లినికల్ పరిశోధనకు ఇద్దాం. అక్టోబరు 12 ప్రపంచ ఆర్థరైటిస్ దినం, మన సభ కూడా ఆ వారంలోనే. చాలామంది ఏదైనా మిషన్ కొనిద్దాం, సంఘం పేరు ఉంటుంది అన్నారు. నాకు అది నచ్చలేదు. ఆ డబ్బు పేషెంట్ల బస్సు చార్జీలకు, వాళ్లు పోగొట్టుకునే రోజు కూలికి, తెలుగులో పక్కన కూర్చుని వివరించే ఒక మనిషి జీతానికి వెళ్లాలి.

కీళ్లవాతం ఉన్న అమ్మతో ఓపీలో గంటలు గంటలు కూర్చున్నాక ఈ మాట అంటున్నాను. ఈ జబ్బుల పరిశోధన ఒక్కసారి రక్తం తీసుకుంటే అయిపోదు. అదే మనిషి కొన్ని నెలలకోసారి మళ్లీ మళ్లీ రావాలి. ప్రతిసారీ డాక్టరు 28 కీళ్లు నొక్కి చూసి ఎన్ని నొప్పిగా ఉన్నాయి, ఎన్ని వాచాయి అని లెక్కపెడతారు. దానికి రక్తపరీక్ష ఫలితం, పేషెంటు తన మాటగా చెప్పింది కలిపి స్కోరు వేస్తారు. మొన్న మా పక్కన కూర్చున్నావిడ నల్గొండ వైపు నుంచి తెల్లవారుజామున బయల్దేరింది. కూలి పోయింది, తోడు వచ్చిన కొడుకు కూలీ పోయింది. నొప్పి తగ్గితే ఆమె మళ్లీ ఎందుకు వస్తుంది? తగ్గకపోతే విసుగొచ్చి పసరు మందుకు పోతుంది. అలా మానేసినవాళ్లను వదిలేసి, మిగిలినవాళ్లతోనే మందు పనిచేసిందని లెక్క తేలిస్తే అది తప్పుడు లెక్కే. ఆమె రెండోసారి, ఐదోసారి రాగలగడమే పరిశోధనకు ప్రాణం.

ఇక ప్రశ్నల సంగతి. రోజువారీ పనులు ఎంత కష్టమవుతున్నాయో తెలుసుకునే ప్రశ్నపత్రానికి మన దేశపు రూపం ఒకటుంది. చీర కట్టుకోగలరా, బాసింపట్టు వేసుకుని కూర్చోగలరా, కుళాయి తిప్పగలరా, ఆటో ఎక్కి దిగగలరా అని అడుగుతుంది. ఎంత మంచి ప్రశ్నలో! కానీ నొప్పి పదికి ఎంత అని హడావిడిగా అడిగితే మా అమ్మ "ఏదో ఉందిలే బాబూ" అంటుంది. అది అంకె కాదు కదా. ఓపిగ్గా తెలుగులో అడిగే మనిషి కావాలి.

వంటల బృందం నుంచి: పులిహోర, దద్దోజనం మావి. స్టాల్ మా పక్కనే పెట్టండి, జనం ఆగుతారు. ఒక మాట, అక్కడే ఉచితంగా ఆర్‌ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్) రక్తపరీక్ష చేయిద్దామా? చాలామంది అడుగుతున్నారు.

హైదరాబాద్ నుంచి: అక్కా, దయచేసి వద్దు. జబ్బు లేనివాళ్లలో కూడా ఆర్‌ఎఫ్ పాజిటివ్ రావచ్చు, జబ్బు ఉన్నవాళ్లలో నెగెటివ్ రావచ్చు. పండగ పూట కాగితం చేతిలో పెట్టి టెన్షన్ పెట్టినవాళ్లం అవుతాం. దాని బదులు, ఇక్కడున్న అమ్మానాన్నలకు ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి కార్డు మీద వేద్దాం. పొద్దున లేచాక వేళ్లు బిగుసుకుపోయి గంటసేపు సడలడం లేదా? రెండు చేతుల వేళ్లూ వాచాయా? ఆరు వారాలు దాటిందా? అయితే రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరుకు) చూపించండి, అని. వయసు మీదపడిందని చెప్పి అమ్మకు రెండేళ్లపాటు నొప్పి మాత్రలే ఇచ్చారు. ఆ రెండేళ్లలో వంకరపోయిన వేళ్లు మళ్లీ తిన్నగా రాలేదు.

కార్డు వెనక, ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్క రోజే అని తప్పకుండా ఉండాలి. ఒక మందుల షాపులో అమ్మ స్ట్రిప్ మీద రోజుకొకటి అని రాసిచ్చారు. మూడో రోజు నా కంట పడింది కాబట్టి సరిపోయింది. ఈ మందు రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది.

ట్రెజరర్ నుంచి: డబ్బు ఎలా పంపాలి? సభ్యులు ఎవరికి వారు పంపవచ్చా?

హైదరాబాద్ నుంచి: అన్నయ్యా, ఇది ముందే తేల్చుకోవాలి. మన సంఘం అమెరికాలో రిజిస్టరైంది, కాబట్టి సంఘం ఖాతా నుంచి వచ్చేది విదేశీ విరాళం. అమెరికా పౌరులైనవాళ్లు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే) కార్డున్నా సరే, సొంతంగా ఇచ్చినా అంతే. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. తీసుకునేది ట్రస్టయితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ కానీ ముందస్తు అనుమతి కానీ ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకుని ఇంకోదానికి ఇవ్వడం కుదరదు. అందుకని మధ్యలో ఎవరినీ పెట్టొద్దు.

ఏ పరిశోధన అన్నది ఖాయం కాలేదు. వచ్చే వారం ఇద్దరు డాక్టర్లను కలుస్తున్నాను. పేషెంట్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూడకుండా మాట ఇవ్వను. మందును పరీక్షించే ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడుగుతాను, 2009 నుంచి అది తప్పనిసరి. చార్జీల డబ్బు కూడా ఆ కమిటీ ఒప్పుకున్నంతే. ఎక్కువిస్తే పేదవాళ్లు డబ్బు కోసమే సంతకం పెట్టే ప్రమాదం ఉంది. సమ్మతి పత్రం తెలుగులో ఉందా, మానేస్తే మామూలు వైద్యం ఆగదని అందులో రాసి ఉందా అని నేనే చదివి చూస్తాను.

సాంస్కృతిక బృందం నుంచి: పేషెంట్ల చేతుల వీడియో పంపుతారా? స్టేజీ మీద చూపిస్తే విరాళాలు బాగా వస్తాయి.

హైదరాబాద్ నుంచి: పంపను తమ్ముడూ. వాళ్లు వైద్యం కోసం వచ్చారు, మన స్క్రీన్ కోసం కాదు. మా అమ్మ ఒప్పుకుంది కాబట్టి ఆమె మాటలు రెండు నిమిషాలు ఆడియో పంపుతాను. పోయినేడు తంగేడు పూల కాడలు తుంచలేక పళ్లెం పక్కన పెట్టేసిందట. అది ఆమె చెబితేనే బాగుంటుంది.

ఇంకోటి. బతుకమ్మ పేర్చేచోట నేల మీద చాపలే కాకుండా రెండు బల్లలు, కుర్చీలు వేయండి. కింద కూర్చోలేని పెద్దవాళ్లు మన దగ్గరా ఉన్నారు, అడగడానికి మొహమాటపడతారు.

శనివారం మీకు ఉదయం 10, నాకు రాత్రి 7:30. కార్డులు ప్రింట్ చేయించేది ఎవరో అప్పటికి చెప్పండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, కాగితం మందంగా ఉండాలి. పల్చటి కాగితాన్ని బిగుసుకున్న వేళ్లతో పట్టుకోవడం కష్టం.