రొమేనియా విదేశీ దత్తతలు ఆపేయడం న్యాయమేనా?

గోదారిగట్టు: యూరోపియన్ యూనియన్‌లో చేరాలంటే అనాథాశ్రమాలను బాగుచేయాల్సిందేనని 1999లో రొమేనియాకు గట్టిగా చెప్పారు. 2001లో ఆ దేశం విదేశీ దత్తతలు నిలిపేసింది. 2004 చట్టం వచ్చాక, విదేశంలో ఉన్న తాతకో అమ్మమ్మకో తప్ప బిడ్డను ఇవ్వడానికి వీల్లేకుండా పోయింది. అప్పటికే బిడ్డ ఫోటో చేతికొచ్చి, ఉయ్యాల కూడా కొనుక్కుని కూర్చున్న కుటుంబాలు వందల్లో ఉన్నాయి. సభ్యత్వం కోసం పిల్లల నోటి దగ్గర కూడు లాగేశారనిపిస్తుంది నాకు.

శ్రీలత: అండీ, అంతకుముందు ఏం జరిగిందో కూడా చూడాలి. 1997 నుంచి అక్కడ పాయింట్ల పద్ధతి నడిచింది. దత్తతలు కుదిర్చే ఏజెన్సీ శిశు సంక్షేమానికి ఎంత ఖర్చుపెడితే అన్ని పాయింట్లు, ఆ పాయింట్లను బట్టి దత్తతకు పిల్లలు. బిడ్డకు ఇల్లు వెతకడం పోయి, డబ్బు తెచ్చినవాళ్లకు బిడ్డను వెతకడం మొదలైంది. యూరోపియన్ పార్లమెంటు తరఫున రొమేనియా వ్యవహారం చూసిన ఎమ్మా నికల్సన్ పోరాడింది దీనిమీదే. 1999, 2001లో మన లంబాడీ తండాల్లో దత్తతలకు పంపడానికి పసికందులను కొన్న సంగతి గుర్తుందా? అది తెలిసినవాళ్లం ఇది ఎలా కొట్టిపారేస్తాం?

గోదారిగట్టు: కొట్టిపారేయడం లేదమ్మా. తప్పు చేసిన ఏజెన్సీని మూసేయండి. ఆశ్రమం మంచంలో ఉన్న బిడ్డ ఏం తప్పు చేసింది?

రవి, వరంగల్: నేను రెండేళ్లు ఒక శిశుగృహంలో పనిచేశాను. కొత్తగా తెచ్చిన పాప మొదట్లో గుక్కపట్టి ఏడ్చేది. ముప్పై మందికి ఇద్దరు ఆయాలం, ఎత్తుకునే తీరిక ఎక్కడిది? వారం తిరిగేసరికి ఏడుపు మానేసింది. మంచం కడ్డీ పట్టుకుని తనను తానే ఊపుకునేది. బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం అన్నం సయించలేదు.

రొమేనియా నియంత చౌషెస్కు 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు. సాకలేని ఇళ్ల పిల్లలు ఆశ్రమాలకు చేరారు. 1989లో అతను కూలేసరికి వాళ్లు దాదాపు లక్ష మంది. తర్వాత బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల మీద అమెరికా శాస్త్రవేత్తలు పరిశోధన చేశారు. రెండేళ్లలోపే పెంపుడు కుటుంబానికి చేరినవాళ్లు ఎక్కువగా కోలుకున్నారు. అందుకే 2004 చట్టాల్లో నాకు పెద్దదిగా కనిపించేది దత్తత నిషేధం కాదు. తీవ్ర వైకల్యం ఉంటే తప్ప రెండేళ్లలోపు బిడ్డను ఆశ్రమంలో పెట్టకూడదన్న నియమం. యూనియన్ ఒత్తిడి లేకుంటే అది అంత త్వరగా వచ్చేది కాదు.

కొత్త దత్తతలు ఆపడం సరైనదే. కానీ ఫోటోలు ఇచ్చేసిన కుటుంబాలను ఏళ్ల తరబడి నిలబెట్టి, చివరికి కాదనడం అన్యాయం. ఆ ఏళ్లు పెద్దలకు ఎదురుచూపు, పిల్లలకు బాల్యం.

శ్రీలత: రవి గారూ, ఆ కుటుంబాల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. నిషేధం మాత్రం ఎత్తకూడదనే ఇప్పటికీ అంటాను. మీ పాప తర్వాత ఏమైంది?

రవి, వరంగల్: పద్నాలుగు నెలలప్పుడు ఒక టీచర్ దంపతులు తీసుకెళ్లారు. వెళ్లేరోజు కూడా ఏడవలేదు. నెల తర్వాత ఆవిడ ఫోన్ చేసి, పాప రాత్రంతా ఏడుస్తోందని టెన్షన్ పడింది. ఎత్తుకోండమ్మా, మంచిదే అన్నాను.