ఫ్లాష్ లేకుండా ఫోటోల తేనెటీగ రెక్క ఆగుతదా?

బత్తాయి_తోట (నల్గొండ):
జనవరి, ఫిబ్రవరిల బత్తాయి పూతకు ఏయే ఈగలు వస్తున్నయో ఫోటోలు తీసి గుర్తుపట్టాలె. క్రాప్ సెన్సర్ కెమెరా, 55–250 మి.మీ. జూమ్ లెన్సు ఉన్నయి. మాక్రో లెన్సు కొనాల్నా, ఫ్లాష్ కొనాల్నా? రెండూ కొనే పరిస్థితి లేదు.

రాచకొండ_రెక్క:
ఫ్లాష్ కొనండి. లెన్సు బదులు మీ జూమ్‌ మూతికి రేనాక్స్ డీసీఆర్-250 అనే క్లోజప్ అద్దం తగిలించుకోండి. అది 8 డయాప్టర్లది, అంటే ఫోకల్ దూరం 125 మి.మీ. జూమ్‌ను అనంతం మీద ఫోకస్ పెట్టి 125 దగ్గర ఉంచితే 1:1 (సెన్సర్ మీద ఈగ అసలు సైజు), 250కి తిప్పితే 2:1 (రెండింతలు) వస్తది. రెండింట్ల ఈగకూ అద్దానికీ మధ్య పన్నెండు సెంటీమీటర్ల దూరం ఉంటది.

షట్టర్ 1/200 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్/16, సెన్సర్ సున్నితం ఐఎస్ఓ 100 పెట్టి, ఫ్లాష్‌ను మాన్యువల్‌ల ఫుల్ పవర్‌ల పదహారో వంతు (1/16) మీద ఉంచండి. ఆటోఫోకస్ బంద్ చెయ్యండి. 1:1 దగ్గర స్పష్టంగ వచ్చే మందం ముప్పావు మిల్లీమీటరు కూడ ఉండదు. అందుకే రింగు తిప్పొద్దు, మనిషే ముందుకు వెనుకకు ఊగాలె. ఎడమ చేత్తోటి కొమ్మ పట్టుకొని ఆ చేతి మీదనే లెన్సు ఆనిస్తే పువ్వు, కెమెరా కలిసి కదులుతయి.

పొద్దుటి_మంచు:
అందరికీ ఫ్లాషే అంటే ఎట్ల? ఫ్లాష్ కొడితే కంటి మీద తెల్లటి మచ్చ, వెనుక నల్లటి చీకటి. ఎండల 1/4000, ఎఫ్/8, ఐఎస్ఓ 3200 పెడితే రెక్క ఆగుతది. ఇప్పటి సెన్సర్లకు 3200 పెద్ద లెక్క కాదు.

రాచకొండ_రెక్క:
1/4000కి ఆగదు, లెక్క చూడండి. తేనెటీగ సెకనుకు దాదాపు 230 సార్లు రెక్క కొడతది. రెక్క పొడవు 8 మి.మీ., ఊపు 90 డిగ్రీలు అనుకుంటే కొస ఒక్క ఊపుల పన్నెండున్నర మి.మీ. తిరుగుతది. రానుపోను కలిపితే సెకనుకు ఆరు మీటర్లకు దగ్గర. 1/4000 సెకనుల 1.4 మి.మీ. జరుగుతది. ఎనిమిది మిల్లీమీటర్ల రెక్కకు అది అలుక్కుపోయినట్టే. నికాన్ ఎస్‌బీ-910 ఫ్లాష్ ఫుల్ పవర్‌ల 1/880 సెకను వెలుగుతది, 1/16ల 1/10000, 1/32ల 1/20000. ఆ చివరి దాంట్ల కొస 0.3 మి.మీ. మాత్రమే జరుగుతది.

పొద్దుటి_మంచు:
ఆ అంకెలు వెలుగు సగానికి పడే వరకే. తోక, అంటే మిగిలిన మసక వెలుగు, దాని తర్వాత కూడ ఉంటది. మీ 0.3 నిజానికి 0.3 కాదు.

రాచకొండ_రెక్క:
తోక ఉంటది, ఒప్పుకుంటున్న. రెండింతలు వేసుకోండి, 0.6. అయినా 1.4 కంటే తక్కువే కద. ఇంకో సంగతి: 1/4000 పెట్టినా షట్టర్ పరదా ఫ్రేమ్ దాటనీకె 1/250కి దగ్గర టైమ్ పడతది, చిన్న సందు మాత్రమే జరుగుకుంట పోతది. అంతల రెక్క రానుపోను ఊపు దాదాపు పూర్తి చేస్తది. ఈగ ఫ్రేమ్ నిండ ఉంటే రెక్క వంకరగ పడతది. సెన్సర్‌ను నిదానంగ చదివే ఎలక్ట్రానిక్ షట్టర్‌తోనైతే ఇంకా ఘోరం.

పాలమూరు_తుమ్మెద:
1/4000 లాంటి షట్టర్‌తోటి కూడ ఫ్లాష్ కొట్టనిచ్చే హై స్పీడ్ సింక్ వాడొచ్చు కద అన్నా?

రాచకొండ_రెక్క:
వద్దు తమ్మీ. దాంట్ల ఫ్లాష్ ఒక్కసారి కొట్టదు, షట్టర్ తెరిచినంతసేపు వణుక్కుంట వెలుగుతది. రెక్కను ఆపేది ఆ చిన్న మెరుపే, అదే పోతది.

బత్తాయి_తోట:
1/200ల ఎండ కూడ పడతది కద? రెండు బొమ్మలు రావా?

రాచకొండ_రెక్క:
వస్తయి, మంచి ప్రశ్న అడిగిన్రు. ఎర్రటి ఎండల ఐఎస్ఓ 100, 1/100, ఎఫ్/16 సరైన ఎక్స్‌పోజర్. రేనాక్స్ వెలుతురు తగ్గించదు కాబట్టి మీ 1/200ల ఎండ ఒక్క స్టాపే (అంటే సగానికే) తక్కువ. ఫ్లాష్ బొమ్మ పక్కన ఎండ బొమ్మ దయ్యం లెక్క కనబడతది. కొమ్మ మీద గొడుగు పెడితే ఇంకో మూడు స్టాపులు దిగుతది, దయ్యం పోతది. కంటి మచ్చకు మందు డిఫ్యూజర్, అంటే వెలుగును పరిచి మెత్తబరిచే తెర. పాల రంగు ప్లాస్టిక్ డబ్బాను సగానికి కోసి, లోపల బటర్ పేపర్ రెండు పొరలు వేసి, అంచు లెన్సు మూతి దాటి ముందుకు వచ్చేటట్టు కట్టండి. ఈగకు ఎంత దగ్గరైతే వెలుగు అంత మెత్తబడతది.

పొద్దుటి_మంచు:
డబ్బా మొహం మీదికి తెచ్చి ఈగలను పువ్వుల మీదికెళ్ళి లేపుతున్నరు. అది పద్ధతా? పొద్దున చల్లగ ఉన్నప్పుడు కదలని ఈగను ఎఫ్/5.6ల, కెమెరాను 0.3 మి.మీ. చొప్పున జరుపుకుంట ఇరవై ఫ్రేములు తీసి కలిపితే ఒక్కో వెంట్రుక లెక్కపెట్టొచ్చు. కింద నాది చూడండి. "తంగేడు తేనె తాగుతున్న తేనెటీగ". ఫ్లాష్ లేదు. పోయినసారి ఒక పోటీల ఇదే ఫోటోను పక్కనపెట్టి, ఫ్లాష్ కొట్టినదానికి బహుమతి ఇచ్చిన్రు.

రాచకొండ_రెక్క:
ఈ ఫోటో మీద నాకు మూడు అనుమానాలున్నయి. తంగేడు పువ్వుల మకరందమే ఉండదు, పుప్పొడే ఉంటది. కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల నుంచి అది రావాలంటే తుమ్మెదలో, నీలి చారల ఈగలో (బ్లూ బ్యాండెడ్ బీ) కేసరాలను పట్టుకొని ఝుమ్మని వణకాలె. తేనెటీగకు ఆ పని రాదు, రాలిన పొడి ఏరుకుంటది అంతే. రెండోది, తేనెటీగలు రాత్రికి తుట్టెకు చేరుకుంటయి. కొమ్మను దవడతో కరిచి బయట పడుకునేది నీలి చారల మగ ఈగలు. మూడోది, ఒంటి మీద నీటి చుక్కలన్నీ ఒక్క సైజుల ఎందుకున్నయి?

పొద్దుటి_మంచు:
ఫ్రిజ్‌ల ఎనిమిది నిమిషాలు పెట్టిన, నీళ్ళు స్ప్రే చేసిన. తర్వాత ఎగిరిపోయింది. చానామంది చేస్తరు, చెప్పరు.

పాలమూరు_తుమ్మెద:
అన్నా, ఇంతసేపు సహజమైన వెలుతురు అని కొట్లాడింది దీని కోసమా?

రాచకొండ_రెక్క:
ఎగిరిపోయింది అంటున్నరు. ఒళ్ళు 10 డిగ్రీల దగ్గరికి దిగితే తేనెటీగ కదలలేదు. మళ్ళీ ఎగరాలంటే రొమ్ము కండరాలు వణికించి 30 దాకా వేడెక్కించుకోవాలె. ఆ వణుకుకు దాని పొట్టల ఉన్న చక్కెరే ఖర్చయితది. నాకు కోపం అందుకే వస్తున్నది, ఫ్లాష్ గురించి కాదు.

పొద్దుటి_మంచు:
మీ డబ్బాకు బెదిరి లేచిన ఈగకు ఖర్చు కాదా? పువ్వు పువ్వుకూ ఎగురుడే కద. నేను ఒక్కదాన్ని పట్టుకుంటున్న, మీరు పొద్దంత వందను లేపుతున్నరు. బొమ్మ అందంగ ఉన్నదా లేదా, చూసేటోళ్ళకు అదే కావాలె.

బత్తాయి_తోట:
నాకు అది కాదు కావాల్సింది. ఫోటోల తేనెటీగ తంగేడు మీద ఉంటే, అది అక్కడికి తనంత తాను వచ్చిందనే నమ్ముత. గట్టు మీద తంగేడు ఉంచాల్నా, కొట్టెయ్యాల్నా, మందు ఏ పూట కొట్టాలె, ఇసొంటివి ఆ ఫోటో చూసే తేల్చుకుంట. మీరు చేత్తోటి పెట్టిన ఈగను చూసి నా తోట గురించి తప్పు తెలుసుకుంట.

పొద్దుటి_మంచు:
సరే, ఇకమీద కింద "చల్లబరిచిన ఈగ" అని రాస్త. తేనె తాగుతున్నదని రాసింది నా తప్పే, తీసేసిన. ఫ్రిజ్ మాత్రం మానను, ఆ వెంట్రుకలు ఇంకోతీరుగ రావు.

రాచకొండ_రెక్క:
వస్తయి. సందెపూట పడుకోనీకె వచ్చిన నీలి చారల ఈగలను కంచె పొడి కొమ్మల మీద చూసి పెట్టుకోండి, తెల్లారక ముందే ట్రైపాడ్ వేయండి. మీసాలు కదిలితే కలిపిన బొమ్మల రెండు మీసాలు పడతయి, ఆ ఫ్రేములు తీసెయ్యండి. ఎండ తగిలినంక ఎక్కువసేపు ఉండవు.

బత్తాయి_తోట:
గొడుగు నల్లదా, తెల్లదా?

రాచకొండ_రెక్క:
నల్లది. తెల్లదాంట్లకెళ్ళి ఎండ దిగుతది. చేత్తోటి పట్టుకోవద్దు, కర్రకు కట్టి పాతండి. పాతినంక కాసేపు కదలకుండ నిలబడండి. ఈగ వెనుక ఉరుకొద్దు, పూత దట్టంగ ఉన్న ఒక్క గుత్తి మీద ఫోకస్ పెట్టుకొని ఆగితే అదే వస్తది.