డోగాన్‌లు, సిరియస్ బి: గ్రియోల్‌కు ముందు ఆధారం ఏమైనా ఉందా?

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సైన్స్ చెప్తాను. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వీడియో చూసొచ్చి, "మేడం, ఆఫ్రికాలో డోగాన్‌లకి సిరియస్ బి సంగతి గ్రహాంతరవాసులు చెప్పారట, నిజమేనా?" అని అడిగాడు. సిరియస్ బి అంటే ప్రకాశవంతమైన సిరియస్ నక్షత్రానికి జంటగా ఉండే, మామూలు కంటికి కనిపించని చిన్న నక్షత్రం. వచ్చే వారం క్లాసులో సరైన జవాబివ్వాలి.

నాకు తెలిసినంతలో, మాలి దేశపు డోగాన్ తెగవాళ్లకి ఈ నక్షత్రం తెలుసని మొదట రాసింది ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్తలు మార్సెల్ గ్రియోల్, జెర్మేన్ డీటర్లెన్, 1950లో. సిరియస్ చుట్టూ చిన్నదీ, విపరీతమైన బరువున్నదీ అయిన నక్షత్రం 50 ఏళ్లకోసారి తిరుగుతుందని, దాన్ని అతి చిన్న ధాన్యపు గింజ పేరుతో 'పో తోలో' అంటారని రాశారు. గ్రహాంతరవాసుల సంగతి 1976లో రాబర్ట్ టెంపుల్ పుస్తకంతో ప్రచారమైంది. కానీ సిరియస్ బిని 1862లోనే టెలిస్కోప్‌లో చూశారు. దాని సాంద్రత గురించి 1920లకే యూరప్‌లో బాగా తెలుసు. అందుకే ఈ సంగతి డోగాన్‌లకి బయటివాళ్ల ద్వారా చేరి ఉండొచ్చని నాకు అనిపిస్తోంది.

ఇక 1991లో డచ్ మానవశాస్త్రవేత్త వాల్టర్ వాన్ బేక్, గ్రియోల్‌తో పనిచేసిన డోగాన్‌లే 'సిగు తోలో' (గ్రియోల్ సిరియస్‌కి డోగాన్ పేరుగా రాసింది) అంటే ఏ నక్షత్రమో తలా ఒకటి చెప్పారని, ఆ నక్షత్రం గురించి తమకి గ్రియోల్ ద్వారానే తెలిసిందన్నారని ప్రచురించాడు. గ్రియోల్ కూతురు జెనెవియెవ్ కలామ్-గ్రియోల్ దాన్ని గట్టిగా ఖండించారు.

గ్రియోల్ అక్కడికి వెళ్లకముందు ఎవరైనా డోగాన్‌ల నక్షత్ర జ్ఞానం గురించి రాసిపెట్టారా? సిరియస్ పక్కన పెడితే, పంటల కోసం, 60 ఏళ్లకోసారి చేసే సిగి ఉత్సవం కోసం వాళ్లు ఆకాశాన్ని నిజంగా ఎలా చూస్తారో వివరించే మంచి వ్యాసం ఉంటే చెప్పండి. పిల్లలకి ముందు అదే చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ గొడవలో డోగాన్‌ల సొంత పరిశీలన ఎవరికీ పట్టడం లేదు. ఫ్రెంచ్‌లో ఉన్నా పర్వాలేదు, చదివించుకుంటాను.