ఐసీయూలో సొంత ఫోన్లు వద్దంటున్నారు, పేజర్లు ఇస్తామంటున్నారు: వాడిన అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

దేవరకొండ సిస్టర్:

అందరికీ నమస్కారం. నేను నల్గొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వచ్చే నెల నుంచి ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, లేబర్ రూముల్లోకి ఎవరూ సొంత ఫోను తేకూడదని, దానికి బదులు పేజర్లు (చిన్న సందేశాన్ని అందుకుని మోగే జేబు పరికరాలు) గానీ, ఆసుపత్రి లోపల మాత్రమే పనిచేసే చిన్న ఫోన్లు గానీ ఇస్తామని యాజమాన్యం చెప్పింది. మానిటర్ల అలారాలు కూడా ఆ ఫోన్లకే వచ్చేటట్టు చేస్తారట.

దీనికి కారణమైన సంఘటన మా యూనిట్‌లోనే జరిగింది. ఒక రాత్రి రెండు దాటాక, రక్తంలో పొటాషియం 6.8, అంటే గుండెకు ప్రమాదమైనంత ఎక్కువ, ఉన్న రిపోర్టును ల్యాబ్ టెక్నీషియన్ ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాని కింద డ్యూటీ మార్పుల గురించి, మర్నాటి పుట్టినరోజు కేకు గురించి పద్నాలుగు మెసేజులు పడ్డాయి. నలభై నిమిషాల దాకా ఆ రిపోర్టును ఎవరమూ చూడలేదు. మానిటర్‌లో గుండె లయ మారిన తరువాతే పరుగెత్తాము. రోగి బతికారు కానీ, ఆ తప్పులో నా వాటా కూడా ఉన్నందువల్ల ఫోన్లు తీసేయడం అన్యాయమని అనలేకపోతున్నాను.

నా సందేహాలు ఇవి. మన దగ్గర పేజరు అనేది ఇంకా పనిచేస్తుందా? మొబైల్ వల్ల వెంటిలేటర్ నిజంగా దెబ్బతింటుందా? పన్నెండు గంటల నైట్ డ్యూటీలో ఉన్న మనిషికి ఇంటి నుంచి కబురు ఎలా అందాలి?

పాలమూరు మత్తు డాక్టరు:

సిస్టర్ గారూ, 1990ల చివర్లో హైదరాబాదులో పనిచేసిన రోజుల్లో నా బెల్టుకు పేజరు ఉండేది. ఆసుపత్రి వారు పేజరు కంపెనీకి ఫోన్ చేసి సందేశం చెప్పేవారు, అక్కడి ఆపరేటరు దానిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేవాడు. లక్డీకాపూల్ దగ్గర స్కూటరు మీద ఉండగా నడుము దగ్గర అది కంపిస్తే, బండి పక్కకు ఆపి, ఆ చిన్న తెరలో ఊరి పేరో మనిషి పేరో తెలియని ఒక ముక్క చదువుకుని, రూపాయి బిళ్ల ఫోన్ డబ్బా ఎక్కడుందా అని వెతుక్కునేవాడిని. అత్యవసరమో కాదో ఫోన్ దొరికేదాకా తెలిసేది కాదు. మా ఇంట్లోవాళ్లు మాత్రం అది మోగితే చాలు, అన్నం మూతపెట్టేసేవారు.

1995 ప్రాంతంలో పేజరూ, సెల్‌ఫోనూ మన దేశానికి దాదాపు ఒకేసారి వచ్చాయి. అప్పట్లో సెల్‌ఫోన్‌కు వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టవలసి ఉండేది కాబట్టి పేజరు కొంతకాలం బతికింది. 2003లో వచ్చే కాల్స్ ఉచితమయ్యాక దాని అవసరం పూర్తిగా తీరిపోయింది. ఇప్పుడు ఆసుపత్రి పేజర్లు పెట్టాలంటే సొంత ట్రాన్స్‌మిటర్, దానికి కేంద్రం నుంచి వైర్‌లెస్ అనుమతి కావాలి. మీ యాజమాన్యం పేజరు అని పలికినా, చివరికి మీ చేతికి వచ్చేది చిన్న ఫోనే అయి ఉంటుందని నా అనుమానం.

అయినా దానిలోని గుణాన్ని కాదనలేను. సాధారణ పేజరు వినడమే తప్ప ఏమీ ప్రసారం చేయదు కనుక యంత్రాలకు ఇబ్బంది లేదు, ఒక్క పెన్సిల్ సెల్లుతో వారాల తరబడి నడుస్తుంది, అందులో కేకు ఫొటో రాదు. దాని లోపమూ అక్కడే ఉంది: సందేశం చేరిందో లేదో పంపినవారికి తెలిసే దారి లేదు. మీ పొటాషియం సంగతి చూస్తే, ఆ రాత్రి ల్యాబ్ నుంచి ఒక్క ఇంటర్‌కామ్ కాల్ వచ్చి, విన్నవారు ఆ అంకెను తిరిగి చదివి వినిపించి, సమయం రాసుకుని ఉంటే సరిపోయేది. ప్రాణం మీదికి వచ్చే రిపోర్టును గ్రూపులో పడేయడం చెప్పినట్టు కాదు, చెప్పామనిపించుకోవడం.

మిర్యాలగూడ నుంచి లీడ్స్:

నేను ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రిలో వార్డు నర్సుగా ఉన్నాను. ఇక్కడ పేజరును బ్లీప్ అంటారు. 2019 ఫిబ్రవరిలో అప్పటి ఆరోగ్య మంత్రి మ్యాట్ హాన్‌కాక్, 2021 చివరికల్లా రోజువారీ సంభాషణకు పేజర్ల వాడకం మానుకోవాలని, అత్యవసరానికి మాత్రం కొన్ని ఉంచుకోవచ్చని ఆదేశించారు. ఆ సమయంలో ఇక్కడి ఆరోగ్య వ్యవస్థలో సుమారు 1,30,000 పేజర్లు ఉండేవి, వాటికి ఏటా 66 లక్షల పౌండ్ల దాకా ఖర్చయ్యేది.

బ్లీప్‌తో మా ఇబ్బంది ఏమిటంటే, తెరపై వార్డు ఫోన్ నంబరు మాత్రమే వస్తుంది. డాక్టరు పని ఆపి ఫోన్ వెతికి చేసేసరికి, పిలిచిన సిస్టర్ మరో మంచం దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది, లేదా లైన్ బిజీగా ఉంటుంది. కానీ గుండె ఆగిన రోగి కోసం పిలిచే బ్లీప్ పద్ధతి మీరు తప్పక గమనించాలి. 2222కు ఫోన్ చేస్తే ఎక్స్‌చేంజి నుంచి ఆ జట్టు మొత్తానికి ఒకేసారి పిలుపు వెళుతుంది. రోజూ పొద్దున్నే పరీక్ష పిలుపు పంపుతారు, బ్లీప్ మోసేవారందరూ దానికి జవాబు చెప్పాలి. చెప్పనివారిని ఎక్స్‌చేంజి వారే వెతికి పట్టుకుంటారు. డ్యూటీ మారేటప్పుడు ఆ బ్లీప్ చేతి నుంచి చేతికి మారుతుంది. అది మనిషిది కాదు, డ్యూటీది. మన దగ్గర అర్ధరాత్రి ఇంట్లో నిద్రపోతున్న డాక్టరు సొంత నంబరుకు పదిసార్లు చేసి, ఆ రోజు డ్యూటీ ఆయనది కాదని పదకొండోసారి తెలుసుకోవడం నేను మిర్యాలగూడలో పనిచేసినప్పుడు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

సూర్యాపేట బయోమెడికల్:

వెంటిలేటర్ గురించి మాత్రమే చెబుతాను. మొబైల్‌ను యంత్రానికి ఆనించి పెడితే, ముఖ్యంగా పాత మోడళ్లలో, తేడా రావచ్చు. ఒక మీటరు దూరం పాటిస్తే ఆ ప్రమాదం చాలావరకు పోతుంది. సిగ్నల్ సరిగ్గా అందని గదిలో ఫోన్ టవరును అందుకోవడానికి ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుందని చాలామందికి తెలియదు. కాబట్టి ఇన్‌ఫ్యూజన్ పంపు (మందును కొలత ప్రకారం నరంలోకి ఎక్కించే యంత్రం) మీద ఫోన్ పెట్టి చార్జింగ్ చేసే అలవాటును ముందు మానిపించండి.

కొత్త ఫోన్లు తీసుకునే ముందు ఒకటి చేతబట్టుకుని, మాట్లాడుతూనే ఐసీయూ నుంచి లిఫ్టులోకి, అక్కడి నుంచి సెల్లారులోని ఎక్స్‌రే గదిలోకి నడవండి. ఎక్స్‌రే గది గోడల్లో సీసపు రేకు ఉంటుంది, లిఫ్టు ఇనుప పెట్టె. మాట ఎక్కడ తెగుతుందో కాగితం మీద రాసుకుని అమ్మేవాడికి చూపించండి. అలారాలన్నింటినీ ఫోన్‌కు కలపనివ్వకండి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో అలారాల గురించి హెచ్చరిక ఇచ్చినప్పుడు, 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు తన దృష్టికి వచ్చిన 98 సంఘటనల్లో 80 మరణాలు ఉన్నాయని చెప్పింది. చెవి అలవాటు పడిపోతే నిజమైన మోత కూడా మోతల్లో కలిసిపోతుంది.

వనపర్తి సిస్టర్:

అక్కా, నాకు ఈ నిషేధం నచ్చలేదు. అర్ధరాత్రి ఈసీజీని ఫొటో తీసి పంపమని అడిగేది డాక్టర్లే. కరెంటు పోతే టార్చి నా ఫోనే, మందు మోతాదు లెక్క చూసుకునేదీ అందులోనే. ఫోన్ లాక్కున్న యాజమాన్యం ఈ పనులన్నింటికీ ఏమి ఇస్తుందో ముందు అడగండి. ఫొటో తీసేటప్పుడు రోగి పేరు మీద వేలు పెట్టి కప్పడం నేర్పితే చాలదా? చేతులు కడిగిన ప్రతిసారీ ఫోన్‌ను కూడా తుడవాలన్న మాట మాత్రం నేను ఒప్పుకుంటాను.

దేవరకొండ సిస్టర్:

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం సమావేశంలో మూడు మాటలు అడిగాను. ఫోన్ మీద మనిషి పేరు కాకుండా డ్యూటీ పేరు అంటించాలని, ప్రమాదకరమైన రిపోర్టును ల్యాబ్ వారు కాల్ చేసి చెప్పి, తిరిగి చదివించుకోవాలని, ఈసీజీ పంపడానికి యూనిట్‌కు ఒక కెమెరా ఫోన్ ఇవ్వాలని. మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు, మూడోదానికి చూద్దామన్నారు. సూర్యాపేట సోదరుడు చెప్పినట్టు నడిచి చూస్తే, లిఫ్టులోనే కాక మా సొంత మందుల గదిలో కూడా మాట తెగింది. ఆ గదిలో పగలంతా ఎవరో ఒకరు ఉంటారు.

ఇంటి సంగతికి వస్తే, నర్సుల కౌంటరులోని ల్యాండ్‌లైన్ నంబరును మా అత్తమ్మ బీరువా తలుపు లోపలి వైపు పెద్ద అంకెలతో రాయించుకుంది. మొదటి రాత్రే చేసి, బాబు తిన్నాడని చెప్పి పెట్టేసింది.