గ్రంథాలయం అందరి పనులూ నెత్తిన వేసుకోవాలా?

అరలమధ్య (చర్చ మొదలుపెట్టినవారు)

పుస్తకాలివ్వడం ఒక్కటే గ్రంథాలయం పని కాదన్న మాట ఈ మధ్య ఎంత తరచుగా వినిపిస్తోందంటే, పుస్తకాలివ్వడం దాని పనుల్లో ఒకటిగానైనా మిగులుతుందా అన్న అనుమానం కలుగుతోంది. దరఖాస్తులు నింపిపెట్టడం, ఉద్యోగం వెతుక్కునేవారికి బయోడేటా తయారుచేసి ఇవ్వడం, కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు, పనిముట్ల అరువు, ఎండాకాలంలో కాసేపు చల్లగా కూర్చునే చోటు: వీటిలో ఏదీ చెడ్డ పని కాదు. నా ప్రశ్న వేరు. సిబ్బంది అంతే ఉండి, డబ్బు అంతే ఉండి, పనులు మాత్రం పెరుగుతూ పోతే దేనికి కోత పడుతుంది? నేను చూసినంతలో కోత పడేది పుస్తకాల కొనుగోలుకే. దరఖాస్తు కోసం వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు కనుక అతని పని అప్పటికప్పుడు చేయక తప్పదు. కొనకుండా వదిలేసిన పుస్తకం వచ్చి కౌంటరు ముందు నిలబడదు.

2017లో ఫిలడెల్ఫియాలోని మెక్‌ఫెర్సన్ స్క్వేర్ శాఖా గ్రంథాలయంలో జరిగినది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎదుటి పార్కులో మాదకద్రవ్యాల మోతాదు మించి పడిపోయినవారికి గ్రంథాలయ సిబ్బందే పరుగున వెళ్లి నాలోక్సోన్ మందు ఇచ్చి ప్రాణాలు నిలబెట్టారు. ఆ చేతులకు దండం పెడతాను. అయితే అది గ్రంథాలయ సేవలు విస్తరించడానికి గొప్ప ఉదాహరణ అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోలేను. చేయవలసిన శాఖలు చేయని పని, తలుపు తెరిచి ఉన్న ఒకే ఒక్క భవనం మీద వచ్చి పడింది, అంతే. పుస్తకాలతో సంబంధం లేని ఇటువంటి సేవలను గ్రంథాలయం తన బాధ్యతగా ఒప్పుకోవాలా, లేక ఎవరి పని వారికి అప్పగించాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కౌంటరువెనుక

పద్నాలుగేళ్లుగా ప్రజా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను కనుక సిద్ధాంతం పక్కన పెట్టి ఒక మధ్యాహ్నం సంగతి చెబుతాను. డెబ్బై దాటిన ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవరులో కాగితాలు పెట్టుకుని వచ్చి, పింఛను దరఖాస్తు ఇక కంప్యూటరులోనే పెట్టుకోవాలని ఒక కార్యాలయంలో చెప్పి, గ్రంథాలయానికి వెళ్లమన్నారని అన్నారు. ఆ కార్యాలయం వారు మాకు ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. పేరు, పుట్టిన తేదీ వరకు బాగానే జరిగింది. తరువాత ఓటీపీ అడిగింది. ఆయన ఇచ్చిన నంబరు కొడుకుది, కొడుకు పనిలో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. పది నిమిషాలకు పేజీ గడువు తీరి మళ్లీ మొదటికి వచ్చింది. మూడోసారికి కొడుకు దొరికాడు. ఈలోగా పాస్‌వర్డు పెట్టుకోమంటే ఆయన నా వైపు తిరిగి, "నువ్వే ఏదో ఒకటి పెట్టమ్మా, నీ దగ్గరే ఉంచుకో" అన్నారు.

ఆ మాట దగ్గర నేను నిజంగా ఆగిపోయాను. ఇతరుల పాస్‌వర్డులు సిబ్బంది తాకకూడదన్నది మేము పెట్టుకున్న నియమం. రేపు ఆయన ఖాతాలో ఏదైనా తేడా వస్తే మొదట అడిగేది నన్నే. నియమం పట్టుకుని ఆయనను వెనక్కి పంపితే మాత్రం వెళ్లడానికి మరో చోటు లేదు. చివరకు ఆయన చేతనే ఒక్కొక్క అక్షరం నొక్కించాను, కాగితం మీద రాయించి ఆయన జేబులోనే పెట్టించాను. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఆ సమయంలో పిల్లల విభాగంలో తిరిగి అరలకెక్కవలసిన పుస్తకాలు బండి మీదే ఉండిపోయాయి. కాబట్టి అరలమధ్య గారి లెక్క తప్పని నేను అనను.

అయినా నా వాదన ఇది. సమాచారం దొరకనివారికి అది దొరికేలా చేయడమే మా వృత్తి. నలభై ఏళ్ల కిందట అదే పెద్దాయన వచ్చి ఫలానా చట్టం ఏ పుస్తకంలో ఉందని అడిగితే వెతికి ఇవ్వడం మా పనే అని ఎవరూ సందేహించేవారు కాదు. ఇవాళ ఆ సమాచారం తెర మీదికి మారింది. తెర మీదికి మారినంత మాత్రాన అది మా పని కాకుండా పోతుందా? యునెస్కో 1949లో వెలువరించిన ప్రజా గ్రంథాలయాల ప్రణాళిక, ఆ తరువాత 1972లోను, 1994లోను, 2022లోను సవరణ పొందినప్పటికీ, వయసు, జాతి, మతం, హోదా చూడకుండా అందరికీ సమానంగా సేవ అందాలన్న మూలసూత్రాన్ని మాత్రం వదులుకోలేదు. చదవడం రానివారికి, తెర వాడడం రానివారికి అందనప్పుడు అది అందరికీ అందిన సేవ కాదు.

పాతకాగితాలు

ఇద్దరి వాదనలోను ఒక ఊహ దాగి ఉంది: వెనకటికి గ్రంథాలయం పుస్తకాల పని మాత్రమే చేసేదని, ఈ మిగతావన్నీ నిన్న మొన్న వచ్చి చేరాయని. చరిత్ర అలా లేదు. ఆండ్రూ కార్నెగీ అమెరికాలో కట్టించిన మొదటి గ్రంథాలయం, పెన్సిల్వేనియాలోని బ్రాడక్‌లో 1889లో తెరిచినది, తన ఉక్కు కర్మాగారం కార్మికుల కోసం నేలమాళిగలో స్నానాల గదులతో మొదలైంది. కొన్నేళ్లకే దానికి ఈతకొలను, సంగీత మందిరం కూడా చేరాయి. మసి కడుక్కోవడానికి వచ్చినవాడు పైకి ఎక్కి పుస్తకం పట్టుకున్నాడో లేదో తెలియదు గాని, స్నానం గ్రంథాలయ సేవ కాదని ఆనాడు ఎవరూ తలుపు మూయలేదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రజా గ్రంథాలయం రంపాలు, సుత్తులు అరువివ్వడం మొదలుపెట్టింది 1979లో.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, అది నాకు మరీ ఇష్టం. 1890ల ఇంగ్లండులో పత్రికల గదిలోకి గుర్రప్పందాల ఫలితాలు చూసుకోవడానికి జనం ఎగబడుతున్నారని, వారివల్ల అసలు పాఠకులకు చోటు దొరకడం లేదని, కొన్ని గ్రంథాలయాలవారు ప్రతి ఉదయం పత్రికలు రాగానే పందాల వార్తల మీద నల్లరంగు పూయడం మొదలుపెట్టారు. అసలైన పాఠకుడు ఎవరో తేల్చే పని మనం నెత్తిన వేసుకుంటే చివరకు చేతికి వచ్చేది ఆ నల్లరంగు డబ్బాయే.

అరలమధ్య

పాతకాగితాలు గారి చివరి వాక్యం చమత్కారంగా ఉంది గాని నా ప్రశ్నకు అది జవాబు కాదు. పాఠకులను ఏరివేయమని నేను ఎక్కడా అనలేదు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడిగాను. కార్నెగీ సంగతి ఎత్తారు కనుక అదే అందుకుంటాను. తరువాతి కాలంలో ఆయన ప్రపంచమంతటా రెండున్నర వేలకు పైగా గ్రంథాలయాలకు సొమ్ము ఇచ్చినప్పుడు పెట్టిన షరతు ఏమిటి? భవనానికి ఇచ్చిన మొత్తంలో పదో వంతు, నిర్వహణ కోసం ఏటేటా పెడతామని స్థానిక పాలకులు ముందే మాట ఇవ్వాలి. ఆ మాట ఇవ్వలేనివారికి భవనం లేదు. ఇవాళ కొత్త సేవలు మాత్రం ఏ మాటా లేకుండా వచ్చి పడుతున్నాయి. కౌంటరువెనుక గారు చెప్పిన కార్యాలయమే చూడండి. తన గుమాస్తా జీతం మిగుల్చుకుని ఆ పనిని గ్రంథాలయం ఖాతాలో రాసింది. ఆ పెద్దాయనకు సాయం చేయవద్దని నేను అనడం లేదు. ఆయనకు సాయం చేయవలసిన గుమాస్తాను పక్క గదిలోకైనా పంపమని ఆ కార్యాలయాన్ని అడగవలసింది పోయి, ఇదంతా గ్రంథాలయ వికాసమని చప్పట్లు కొడుతున్నామన్నదే నా బాధ.

కిటికీపక్కకుర్చీ

ఇక్కడ రాయడం నాకు ఇదే మొదటిసారి. మూడేళ్లుగా రోజూ గ్రంథాలయానికి వెళుతున్నాను, ఇంతవరకు ఒక్క పుస్తకం ఇంటికి తెచ్చుకోలేదు. పరీక్షల పుస్తకాలు నావే, నోట్సు నాదే. ఇంట్లో ఆరుగురం రెండు గదుల్లో ఉంటాము. నాకు అక్కడ కావలసింది కుర్చీ, బల్ల, దీపం, ఎవరూ పలకరించని నాలుగు గంటలు. మీ లెక్కల్లో నేను పాఠకురాలినా, పుస్తకాలతో సంబంధం లేని సేవ పొందుతున్న దాన్నా? గ్రంథాలయం పెరిగే జీవి అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు తన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో చివరిదానిలో చెప్పారు కదా, ఆ పెరుగుదలలో నాలాంటివారికి చోటు లేదా?

పాతకాగితాలు

కిటికీపక్కకుర్చీ గారూ, మీ ప్రశ్న ఒకప్పుడు కోర్టు దాకా వెళ్లింది. న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్ గ్రంథాలయం, చదవడం గాని, అధ్యయనం గాని, గ్రంథాలయ సామగ్రిని వాడడం గాని చేయనివారిని బయటికి వెళ్లమనవచ్చునని నియమం పెట్టుకుంది. ఇల్లు లేని ఒక వ్యక్తి దాన్ని సవాలు చేస్తే, 1991లో జిల్లా కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడు అప్పీలు కోర్టు, సమాచారం పొందే హక్కు రాజ్యాంగంలో ఉన్నదేనని ఒప్పుకుంటూనే, గ్రంథాలయం నియమాలను నిలబెట్టింది. ఆ నియమం కింద మీకు ఢోకా లేదు, మీరు చదువుకుంటున్నారు. ఊరికే వెచ్చగా కూర్చున్నవారికి ఉంది. సరిగ్గా ఆ గీత దగ్గరే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రజా గ్రంథాలయం 2009లో ఇంకో దారి పట్టింది. పూర్తికాలపు సామాజిక కార్యకర్తను నియమించుకుంది, ఒకప్పుడు తామే వీధిన బతికినవారిని ఆ బృందంలో చేర్చుకుంది. లైబ్రేరియన్ పని లైబ్రేరియన్‌కు, ఆ పని తెలిసినవారికి ఆ పని. అరలమధ్య గారు అడిగిన పద్ధతి కూడా ఇదే కదా?

అరలమధ్య

అవును, ఇదే. ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే సగం వాదన తప్పేది.

కిటికీపక్కకుర్చీ గారికి: మీరు నిస్సందేహంగా పాఠకులే, నా కుర్చీ కూడా మీకే ఇస్తాను. అయితే 1931లో రంగనాథన్ గారు పెరిగే జీవి అన్నప్పుడు పుస్తకాలు, పాఠకులు, సిబ్బంది, ఈ మూడూ పెరుగుతాయన్న అర్థంలో వివరించారు. పాఠకులు పెరిగి మిగతా రెండూ తగ్గిపోతే దానిని పెరుగుదల అనకూడదు. ఆ సూత్రాన్ని ప్రతి కొత్త బల్లకూ, ప్రతి కొత్త యంత్రానికీ ముద్రలాగా వాడేస్తుంటే నాకు చిరాకు. 2018 డిసెంబరులో హెల్సింకీలో తెరిచిన ఓడి గ్రంథాలయం విషయంలోనూ ఇంతే. మధ్య అంతస్తులోని కుట్టుమిషన్లను, స్టూడియోలను అందరూ ఫొటో తీస్తారు. పై అంతస్తులో దాదాపు లక్ష పుస్తకాలున్నాయని, అక్కడ లేనిది చుట్టుపక్కల నగరాలతో కలిసి నడుపుతున్న ఉమ్మడి వ్యవస్థ నుంచి తెప్పించి ఇస్తారని మాత్రం ఎవరూ చెప్పరు. పుస్తకాల పునాది గట్టిగా ఉన్నచోట ఎన్ని కుట్టుమిషన్లయినా పెట్టుకోవచ్చు.

కౌంటరువెనుక

నాకు ఒక సందేహం మిగిలింది. ఆ కార్యాలయం తన గుమాస్తాను పంపేవరకు మేమేం చేయాలి? ఉత్తరం రాశాము, రెండోసారి కూడా రాశాము. మొదటి దానికి అందినట్టు రశీదు మాత్రం వచ్చింది. అప్పటిదాకా సాయం ఆపితే నష్టపోయేది ఆ కార్యాలయం కాదు, ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చినవారు. సాయం చేస్తూ పోతే ఎవరినీ పంపవలసిన అవసరమే వారికి కనబడదు. ఈ ముడి విప్పే దారి నాకు తెలియలేదు. ప్రస్తుతానికి మేము చేస్తున్నది ఇంతే: వారంలో రెండు పూటలు దరఖాస్తుల బల్ల వేసి, ఎంతమంది వచ్చారో, ఏ కార్యాలయం పంపిందో, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఆ పూట ఏ పని ఆగిపోయిందో చిట్టాలో రాస్తున్నాము. వచ్చినవారిలో ఎంతమంది పుస్తకాలు తీసుకువెళ్లారని పైవారు ఒక గడి పెట్టించారు. ఎక్కువసార్లు అందులో సున్నాయే పడుతుంది, నేను దిద్దను.

అరలమధ్య

దిద్దకండి. ఆ గడి పక్కన ఇంకొకటి పెట్టించండి: ఆ నెలలో కొనవలసి ఉండి కొనలేకపోయిన పుస్తకాల పేర్లు. రెండూ కలిపి మూడో ఉత్తరానికి జతచేయండి. ఎలా రాయాలో ముసాయిదా కావాలంటే నేను రాసి ఇక్కడే పెడతాను, పాతకాగితాలు గారు దిద్దుతారు.

కౌంటరువెనుక

పెట్టండి. ఇవాళ ఆ బల్ల వేసే పూట, ఇప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు. సాయంత్రం చూస్తాను.