పై అంతస్తు డీబీకి (కరెంటు పంచే పెట్టెకి) వెళ్లే వైరు మార్చాలి, ఎంత సైజు వేయాలి?

ప్రశ్న:
మాది గ్రౌండ్ ప్లస్ వన్ ఇల్లు. కింద మెయిన్ డీబీ, త్రీ ఫేజ్ మీటరు, కాంట్రాక్టెడ్ లోడ్ 5 కిలోవాట్లు. పైకి మాత్రం ఒక్క ఫేజే వెళ్తోంది: 4 స్క్వేర్ ఎంఎం రాగి వైర్లు, 20 ఎంఎం పైపు, సుమారు 25 మీటర్లు. కింద దానికి 32 యాంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్చు) ఉంది. పైన ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు, 2 కిలోవాట్ల గీజరు, 2 కిలోవాట్ల ఇండక్షన్ స్టవ్వు, ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్లు. అన్నీ ఒకేసారి నడిస్తే ఎంసీబీ పడిపోతోంది (ట్రిప్ అవుతోంది). దాని దగ్గర వైరు తొడుగు గోధుమ రంగుకి తిరిగింది. 40 యాంప్స్ ఎంసీబీ వేస్తే చాలంటున్నారు. వేయించమంటారా?

జవాబు 1:
వద్దండి. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. గోడ పైపులో 4 స్క్వేర్ రాగి వైరు 30 డిగ్రీల వేడిలో 32 యాంప్స్ మోస్తుంది. మన ఎండాకాలంలో స్లాబు కింద 45 డిగ్రీలుంటే అది 25కి పడిపోతుంది. అంటే ఇప్పుడున్న 32 కూడా ఎక్కువే. 40 వేస్తే ఎంసీబీ పడదు, వైరు కాలుతుంది. తొడుగు రంగు మారడానికి వదులైన స్క్రూ కూడా కారణం కావచ్చు; ముందు మెయిన్ ఆపించి అది చూపించండి.

మీ లోడు: ఏసీలు 8 చొప్పున 16, గీజరు 8.7, స్టవ్వు 8.7, మిగతావి 5. మొత్తం 38 యాంప్స్ పైన. దీనికి 10 స్క్వేర్ వైరు కావాలి, ఎర్త్ కూడా 10 స్క్వేరే. 45 డిగ్రీల్లోనూ అది దాదాపు 45 యాంప్స్ మోస్తుంది కాబట్టి దానిమీద 40 యాంప్స్ ఎంసీబీ వేయొచ్చు. వోల్టేజి నష్టం 25 మీటర్లకి 4 వోల్టులే. 4 స్క్వేర్‌లో 10 దాటుతుంది. మూడు 10 స్క్వేర్ వైర్లు 20 ఎంఎం పైపులో పట్టవు, 25 ఎంఎం వేయాలి.

జవాబు 2:
పై లెక్క తప్పు కాదు, కానీ మీటరు త్రీ ఫేజ్ అని మర్చిపోకండి. 5 కిలోవాట్లని మూడు ఫేజుల మీద పంచితే ఒక్కోదానికి 7 యాంప్స్ పైచిలుకు. మీరు ఒక్క ఫేజు మీదే 38 వేస్తే, లోపల ఎంత లావు వైరున్నా బయట కటౌట్ (మీటరుకి ముందుండే ఫ్యూజుల పెట్టె) దగ్గర ఆ ఫేజు ఫ్యూజు పోవచ్చు.

మూడు ఫేజులూ పైకి తీసుకెళ్లండి: 6 స్క్వేర్ వైర్లు ఐదు (ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కి నలుపు, ఎర్త్‌కి ఆకుపచ్చ), 25 ఎంఎం పైపు, కింద 25 యాంప్స్ ఫోర్ పోల్ (మూడు ఫేజులనీ న్యూట్రల్‌నీ కలిపి ఆపే) ఎంసీబీ. ఖర్చుకి భయపడకండి. చివర్లకి 2 మీటర్లు వదిలి 27 మీటర్ల చొప్పున ఐదు ముక్కలు 135 మీటర్లు, సింగిల్ ఫేజైతే 10 స్క్వేర్ 81 మీటర్లు. రెండింటిలో రాగి సరిగ్గా ఒకటే.

పంపకం ఇలా చేయండి: ఒక ఫేజుకి ఒక ఏసీ, గీజరు (గీజరు పొద్దున, ఏసీ రాత్రి). రెండోదానికి రెండో ఏసీ. మూడోదానికి స్టవ్వు, ఫ్రిజ్, లైట్లు. అదనపు లోడుకి డిస్కమ్‌లో (కరెంటు సరఫరా సంస్థలో) దరఖాస్తు కూడా పెట్టండి. పని లైసెన్సున్నవాళ్లతోనే చేయించండి, మీటరు సీలు జోలికి వెళ్లొద్దు.

అడిగినవారు:
త్రీ ఫేజే వేయిస్తాను. పైన కొత్త డీబీలో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) పెట్టాలా? మెయిన్ డీబీలో 30 మిల్లీ యాంప్స్‌ది ఒకటి ఉంది. ఇన్వర్టరు కిందే ఉంది, పైన లైట్లకి దాని ఫేజు వస్తుంది.

జవాబు 3:
పెట్టాలి: ఫోర్ పోల్, 40 యాంప్స్, 30 మిల్లీ యాంప్స్. కిందది కూడా 30 అయితే పైన లీకేజీ వచ్చినప్పుడు ఏది ముందు పడుతుందో చెప్పలేం, ఇల్లంతా చీకటవుతుంది. పైకి వెళ్లే లైనుని కింది ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసి, ఆ లైను మీద ఆలస్యంగా పడే ఎస్ టైపు 100 మిల్లీ యాంప్స్‌ది పెడితే ఈ బాధ ఉండదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇన్వర్టరు దగ్గర. దాని ఫేజు విడిగా వచ్చి, లైట్ల న్యూట్రల్ పై డీబీ న్యూట్రల్ బార్‌కి (న్యూట్రల్ వైర్లన్నీ బిగించే పట్టీకి) కలిస్తే, వెళ్లే కరెంటు ఒక దారి, తిరిగొచ్చేది ఇంకో దారి. లైటు వేయగానే ఆర్‌సీసీబీ పడుతుంది. ఆర్‌సీసీబీ పాడైందని పీకేస్తారు, అది పెద్ద తప్పు. ఇన్వర్టరు న్యూట్రల్‌ని కూడా విడి వైరుగా పైకి తెచ్చి, ఆ బార్‌కి తగలకుండా ఉంచండి. పై డీబీలో న్యూట్రల్, ఎర్త్ బార్లు ఎక్కడా కలవకూడదు.

త్రీ ఫేజులో న్యూట్రల్ జాయింటు వదులైతే 230 రావాల్సిన చోట 300 పైన వస్తుంది, ఏసీ బోర్డులు, ఫ్రిజ్ పోతాయి. అందుకే న్యూట్రల్‌ని మధ్యలో ఎక్కడా అతకొద్దు, చివరలకి లగ్గులు (వైరు కొసకి తొడిగే లోహపు ముక్కలు) క్రింప్ చేయించండి, అంటే గట్టిగా నొక్కి బిగింపించండి. వైర్లన్నీ ఒకే పైపులో వెళ్లాలి.

కరెంటు ఇచ్చే ముందు సామాన్ల ప్లగ్గులు తీసేసి, 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) ఫేజులకీ ఎర్త్‌కీ, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి; ఒక మెగ్ఓమ్‌కి తగ్గకూడదు. తర్వాత పై ఎంసీబీలన్నీ ఆపి, ప్రతి ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర వస్తోందో లేదో కొలిచాకే ఒక్కొక్కటీ వేయండి. ఆర్‌సీసీబీ టెస్టు బటన్ అప్పుడే నొక్కి చూడండి. రెండు వారాల తర్వాత మెయిన్ ఆపి డీబీ స్క్రూలు మరోసారి బిగించండి, రాగి కొద్దిగా సర్దుకుని వదులవుతుంది.